పచ్చి కాంక్రీటు: వర్కబిలిటీ పరీక్షలు

సిమెంటు, ఇసుక, కంకర, నీళ్లు కలిసినప్పటి నుంచి బిగుసుకోవడం మొదలయ్యేదాకా మెత్తగా ఉండే కాంక్రీటును పచ్చి కాంక్రీటు అంటారు. ఆ కాసేపట్లో అది ఎంత తేలిగ్గా కలుస్తుంది, కంకర విడిపోకుండా ఎంత దూరం వెళ్తుంది, ఊచల సందుల్లోకి ఎలా దిగుతుంది, లోపలి గాలిని వదిలి దట్టంగా కూర్చోవడానికి ఎంత శ్రమ అడుగుతుంది అన్న గుణాలన్నిటినీ కలిపి వర్కబిలిటీ అంటారు. తేలిక మాటల్లో, అది కాంక్రీటు పనికి లొంగే గుణం. దాన్ని కొలిచే పద్ధతులే వర్కబిలిటీ పరీక్షలు. వీటిలో స్లంప్ పరీక్ష అన్నిటికన్నా ప్రసిద్ధం. కంపాక్టింగ్ ఫ్యాక్టర్, వీబీ, ఫ్లో టేబుల్, స్లంప్ ఫ్లో తదితర పరీక్షలు దాని తర్వాతి వరసలో నిలుస్తాయి.

ఈ పరీక్షలు కాంక్రీటు బలాన్ని కొలవవు. బలం తేలేది క్యూబు పరీక్షలో, అదీ 28 రోజుల తర్వాత. అప్పటికి స్లాబు గట్టిపడి, పై అంతస్తు పని కూడా మొదలై ఉంటుంది. పోయకముందే తప్పు పట్టుకుని సరిదిద్దుకునే అవకాశం పచ్చి కాంక్రీటు దగ్గరే ఉంటుంది.

ఎందుకు కొలవాలి?

మిల్లరు (కాంక్రీటు కలిపే మిక్సరు) నుంచి బయటికొచ్చిన కాంక్రీటులో గాలి చిక్కుకుని ఉంటుంది. వైబ్రేటర్ పెట్టి కుదిపితే ఆ గాలి బుడగలుగా పైకి వస్తుంది. కాంక్రీటు మరీ బిరుసుగా ఉంటే ఎంత కుదిపినా గాలి పోదు. ఖాళీలు 5 శాతం మిగిలితే బలం సుమారు 30 శాతం పడిపోతుందని కాంక్రీటు శాస్త్రంలో స్థిరపడిన లెక్క. 2 శాతం మిగిలినా పదో వంతుకు మించి నష్టమే. సెంట్రింగ్ విప్పాక పిల్లర్ల అడుగున, బీముల కింద కంకర తేలి తేనెతుట్టెలా కనిపించే చోట్లు ఈ కొరతకు పైకి కనబడే గుర్తులు. ఆ ఖాళీల్లోంచి తేమ ఊచలను చేరి తుప్పు పట్టిస్తుంది.

మరీ జారుగా ఉండటం కూడా దోషమే. నీళ్లు ఎక్కువైతే బరువైన కంకర అడుక్కి చేరి, సిమెంటు పాలు పైకి తేలతాయి. పైకొచ్చిన నీళ్లు వదిలిన దారులు గట్టిపడ్డాక సన్నని రంధ్రాలుగా మిగులుతాయి. కాబట్టి మంచి వర్కబిలిటీ అంటే జారుతనం ఒక్కటే కాదు. జారాలి, జారుతూనే విడిపోకుండా కలిసి ఉండాలి. ఎంత లొంగాలన్నది పోసే చోటును బట్టి మారుతుంది. యంత్రంతో వేసే రోడ్డుకు సరిపోయిన కాంక్రీటు, ఊచలు కిక్కిరిసిన బీములో దిగనే దిగదు.

వర్కబిలిటీని నిర్ణయించే అంశాలు

నీళ్లది మొదటి స్థానం. భారతీయ మిశ్రమ రూపకల్పన ప్రమాణం ఐఎస్ 10262 ప్రకారం 20 మి.మీ. కోణీయ కంకరతో 50 మి.మీ. స్లంప్ రావడానికి ఘనపు మీటరుకు సుమారు 186 లీటర్ల నీళ్లు పడతాయి. ఆపైన ప్రతి 25 మి.మీ. స్లంప్‌కూ నీటిని 3 శాతం చొప్పున పెంచాలి. 100 మి.మీ. కావాలంటే నీళ్లు 197 లీటర్లవుతాయి. నీళ్లు, సిమెంటు నిష్పత్తి 0.45 దగ్గరే ఉండాలంటే సిమెంటు కూడా 413 కిలోల నుంచి 438 కిలోలకు పెరగాలి. నీళ్లతో పాటు సిమెంటు పెరిగినప్పుడే బలం నిలుస్తుంది. సిమెంటును ఇంతగా పెంచకుండా జారుతనం తెచ్చుకోవడానికి సూపర్ ప్లాస్టిసైజర్లు వాడతారు. ఇవి సిమెంటు రేణువులు గుంపుకట్టకుండా విడదీసి, ఉన్న నీళ్లతోనే మిశ్రమాన్ని కదిలేలా చేస్తాయి.

కంకర ఆకారమూ ముఖ్యమే. గుండ్రటి గులకరాళ్లు ఒకదానిపై ఒకటి దొర్లుతాయి. క్రషర్ కంకర అంచులు ఒకదానికొకటి తగులుకుంటాయి. పలకల్లా, సూదుల్లా ఉన్న ముక్కలు ఎక్కువైతే మిశ్రమం మరింత బిరుసెక్కుతుంది. ఇసుకదీ ఇదే కథ. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఏటి ఇసుక స్థానంలో రోబో శాండ్ (రాయిని నలిపి తయారుచేసిన ఇసుక) విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. ఐఎస్ 383 ప్రమాణం 2016 సవరణ తయారుచేసిన ఇసుకకు చోటిచ్చింది. దాని రేణువులు కోణీయంగా ఉండటం, రాతి పొడి పాలు మారుతుండటం వల్ల ఏటి ఇసుకకు కుదిరిన నీటి లెక్క దీనికి అలాగే కుదరదు. ఇసుక మారినప్పుడల్లా మిశ్రమాన్ని మళ్లీ కలిపి, స్లంప్ చూసుకోవాలి.

ఇసుకలోని తడి కంటికి కనిపించని నీరు. ఘనపు మీటరుకు 700 కిలోల ఇసుక పడుతుందనుకుంటే, రాత్రి వానకు అందులో 5 శాతం అదనపు తడి చేరితే 35 లీటర్ల నీళ్లు లెక్కలోకి రాకుండానే మిల్లరులో పడతాయి. తూకాలన్నీ నిన్నటివే అయినా ఈ రోజు స్లంప్ ఒక్కసారిగా పెరగడానికి తరచూ ఇదే కారణం.

కాలం, ఎండ చివరి రెండు అంశాలు. కలిపిన క్షణం నుంచే సిమెంటు నీటితో చర్య మొదలుపెడుతుంది, కొంత నీరు ఆవిరవుతుంది. నిమిషాలు గడిచేకొద్దీ స్లంప్ తగ్గుతుంది. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల వేసవి మధ్యాహ్నం ఈ తగ్గుదల మరీ వేగంగా ఉంటుంది. వాతావరణం 40 డిగ్రీలు దాటినప్పుడు చేసే పనిని ఐఎస్ 7861 ప్రత్యేక జాగ్రత్తలు అవసరమైన పనిగా పరిగణిస్తుంది. కంకర కుప్పను నీడలో ఉంచడం, చల్లని నీళ్లు లేదా మంచు వాడటం, పనిని తెల్లవారుజాముకో రాత్రికో మార్చడం అందులో ముఖ్యమైనవి.

పరీక్షల చరిత్ర

ఒక్కో పరీక్ష తన కాలపు కాంక్రీటు అవసరంలోంచి పుట్టింది. 19వ శతాబ్దం చివర కాంక్రీటును కాస్త తేమ ఉన్న మట్టిలా పొడిగా కలిపి దిమ్మిసతో కొట్టేవారు. ఊచలు వేసి కట్టడం వ్యాపించాక ఆ సన్నని సందుల్లో దిమ్మిస పట్టలేదు. దాంతో కాంక్రీటును జావలా కలిపి తొట్ల మీదుగా పారించే అలవాటు అమెరికాలో బలపడింది. షికాగోలోని లూయిస్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన డఫ్ ఎబ్రమ్స్ 1918లో నీళ్లు, సిమెంటు నిష్పత్తి పెరిగేకొద్దీ బలం తగ్గుతుందని ప్రయోగాలతో నిరూపించాడు. నీటి మీద అదుపు కావాలంటే పని జరిగే చోటే వాడగలిగే కొలత కావాలి. స్లంప్ పరీక్షకు ఆదరణ ఆ అవసరంతోనే వచ్చింది. 1922లో అమెరికా ప్రమాణాల సంస్థ ఏఎస్‌టీఎం దాన్ని ప్రమాణంగా వెలువరించింది.

వైబ్రేటర్లు రాగానే తక్కువ నీళ్ల బిరుసు కాంక్రీటును కూడా దట్టించడం సాధ్యమైంది. అలాంటి మిశ్రమాలకు స్లంప్ సున్నా వస్తుంది, వాటి మధ్య తేడా తెలియదు. స్వీడన్‌లో వి. బెర్నర్ 1940 ప్రాంతంలో రూపొందించిన పరీక్ష ఈ లోటు తీర్చింది. ఆయన పేరులోని మొదటి అక్షరాలు వి, బి కలిసి దానికి వీబీ పేరయ్యాయి. బ్రిటన్ రోడ్ పరిశోధనశాలలో గ్లాన్‌విల్, కాలిన్స్, మాథ్యూస్‌ల కృషి నుంచి కంపాక్టింగ్ ఫ్యాక్టర్ పరీక్ష వచ్చింది. వారి నివేదిక 1947లో వెలువడింది. పూర్తిగా దట్టించడానికి కావలసిన ఉపయోగకరమైన అంతర్గత శ్రమే వర్కబిలిటీ అని వారిచ్చిన నిర్వచనం నేటికీ పాఠ్యపుస్తకాల్లో ఉంది.

1960ల్లో జపాన్, జర్మనీ దేశాల్లో సూపర్ ప్లాస్టిసైజర్లు వచ్చాక సమస్య తిరగబడింది. మిశ్రమం అంత జారుగా మారేసరికి స్లంప్ కోను తీయగానే కూలిపోసాగింది. జర్మనీలో 1933లోనే రూపుదిద్దుకున్న ఫ్లో టేబుల్ అప్పుడు అక్కరకొచ్చింది. 1986లో జపాన్ శాస్త్రవేత్త హజిమే ఒకమురా వైబ్రేటర్ అక్కరలేని కాంక్రీటును ప్రతిపాదించాడు. 1988లో టోక్యో విశ్వవిద్యాలయంలో అది సాకారమైంది. 1998లో ప్రారంభమైన అకాషి కైక్యో వంతెన లంగరు దిమ్మెల్లో దీన్ని వాడారు. తనంతట తాను పరుచుకునే ఈ కాంక్రీటు కోసం ఇంకో పరీక్షల కుటుంబమే పుట్టింది.

నమూనా సేకరణ

పరీక్ష సరైనదైనా నమూనా తప్పైతే ఫలితం తప్పే. ట్రాన్సిట్ మిక్సర్ నుంచి తీసేటప్పుడు మొదట పడే భాగాన్నీ, చివరి భాగాన్నీ వదిలి మధ్య ధారలోంచి రెండు మూడు సార్లుగా తీయాలి. తీసినదంతా నీళ్లు పీల్చని పళ్లెంలో పారతో మళ్లీ కలిపి, ఎండ, గాలి తగలకుండా వెంటనే పరీక్షకు పెట్టాలి. ఈ పద్ధతులన్నిటికీ మన దేశంలో ఆధారం ఐఎస్ 1199. 1959లో ఒకే పుస్తకంగా వచ్చిన ఈ ప్రమాణాన్ని 2018లో భాగాలుగా విడదీసి సవరించారు.

స్లంప్ పరీక్ష

పరికరం చాలా సాదాది. అడుగున 200 మి.మీ., పైన 100 మి.మీ. వ్యాసం, 300 మి.మీ. ఎత్తు ఉన్న ఇనుప కోను, 16 మి.మీ. మందం, 600 మి.మీ. పొడవు, గుండ్రటి మొన ఉన్న కడ్డీ, చదునైన పళ్లెం, స్కేలు ఉంటే చాలు.

కోను లోపలి వైపును శుభ్రం చేసి తడిపి, కదలని పళ్లెంపై పెట్టి, కాళ్లతో రెక్కలను తొక్కి పట్టాలి. 1959 నాటి భారతీయ పద్ధతిలో నాలుగు పొరలుగా, అమెరికా, యూరప్ పద్ధతుల్లో మూడు పొరలుగా నింపుతారు. ఏ పద్ధతిలోనైనా పొరకు 25 పోట్లు పొడవాలి. పై పొరలను పొడిచేటప్పుడు కడ్డీ కింది పొరలోకి కొంచెం దిగాలి. పైభాగం చదును చేసి, చుట్టూ రాలినది తుడిచి, కోనును మెలి తిప్పకుండా, కుదపకుండా నిటారుగా ఎత్తాలి. కాంక్రీటు తన బరువుకు తానే కుంగుతుంది. కోను ఎత్తుకూ, కుంగిన కుప్ప ఎత్తుకూ ఉన్న తేడాయే స్లంప్. కుప్ప 210 మి.మీ. ఎత్తున నిలిస్తే స్లంప్ 90 మి.మీ.

అంకెతో పాటు కుప్ప ఆకారాన్నీ చదవాలి. అన్ని వైపులా సమంగా కుంగితే అది నిజమైన స్లంప్. ఒక పక్క జారి విరిగినట్లయితే షియర్ స్లంప్. అప్పుడు పరీక్ష మళ్లీ చేయాలి. రెండోసారీ అలాగే విరిగితే మిశ్రమానికి పట్టు లేదని అర్థం, సాధారణంగా ఇసుక పాలు తగ్గినప్పుడు ఇలా జరుగుతుంది. పూర్తిగా కూలి పరుచుకుంటే కొలాప్స్ స్లంప్. నీళ్లు ఎక్కువయ్యాయనో, మిశ్రమాన్ని జారుగా ఉండేటట్లే రూపొందించారనో అనుకోవాలి. రెండో సందర్భంలో స్లంప్ బదులు ఫ్లో పరీక్ష వాడాలి.

ఈ పరీక్ష 25 నుంచి 175 మి.మీ. దాకా బాగా పనిచేస్తుంది. 40 మి.మీ.కన్నా పెద్ద కంకర ఉంటే నప్పదు. దీని అసలు విలువ ఒక లోడుకూ మరో లోడుకూ మధ్య వచ్చిన మార్పును పట్టివ్వడంలో ఉంది. ఉదయం నుంచి 100 దగ్గర ఉన్న స్లంప్ హఠాత్తుగా 150కి పెరిగితే ఇసుకలో తడో, తూకంలో తప్పో, దారిలో కలిపిన నీళ్లో కారణమై ఉంటాయి.

కంపాక్టింగ్ ఫ్యాక్టర్ పరీక్ష

దీనిలో నిలువు చట్రానికి ఒకదాని కింద ఒకటిగా రెండు గరాటు తొట్లు, అడుగున 152 మి.మీ. వ్యాసం, 305 మి.మీ. ఎత్తు ఉన్న సిలిండరు ఉంటాయి. పై తొట్టిలో కాంక్రీటును పొడవకుండా మెల్లగా నింపి అడుగు మూత తెరుస్తారు. అది కింది తొట్టిలోకి, అక్కడి నుంచి సిలిండరులోకి పడుతుంది. నింపేవారి చేతివాటం ఏదైనా రెండో తొట్టి నుంచి పడే తీరు ఒకేలా ఉండటం ఈ ఏర్పాటులోని నేర్పు. సిలిండరు అంచు చదును చేసి తూచాలి. ఆ తర్వాత అదే మిశ్రమాన్ని 50 మి.మీ. పొరలుగా వేసి, పూర్తిగా దట్టించి మళ్లీ తూచాలి. మొదటి బరువును రెండోదానితో భాగిస్తే వచ్చేదే కంపాక్టింగ్ ఫ్యాక్టర్. మొదటిసారి 12.1 కిలోలు, దట్టించాక 13.3 కిలోలు తూగితే విలువ 0.91. ఒకటికి ఎంత దగ్గరైతే కాంక్రీటు అంత తేలిగ్గా సర్దుకుంటుంది. 0.78 దగ్గర చాలా బిరుసు, 0.85 తక్కువ, 0.92 మధ్యస్థం, 0.95 ఎక్కువ వర్కబిలిటీగా లెక్కిస్తారు. తక్కువ స్లంప్ మిశ్రమాల తేడాలను ఇది స్లంప్‌కన్నా చక్కగా చూపిస్తుంది. బరువైన పరికరం, తక్కెడ కావలసి రావడంతో ఎక్కువగా ప్రయోగశాలల్లోనే వాడతారు.

వీబీ పరీక్ష

కంపించే బల్లపై 240 మి.మీ. వ్యాసం, 200 మి.మీ. ఎత్తు ఉన్న గిన్నె ఉంటుంది. దానిలో స్లంప్ కోను పెట్టి నింపి, కోను తీసేసి, కుప్పపై గాజు పలకను ఆనిస్తారు. బల్లను కంపింపజేస్తూ గడియారం నొక్కుతారు. కోను ఆకారం కరిగి, గాజు పలక అడుగుభాగమంతా సిమెంటు ముద్ద అంటుకునేదాకా పట్టిన సెకన్లే వీబీ కాలం. సెకన్లు ఎక్కువైతే కాంక్రీటు అంత బిరుసని అర్థం. స్లంప్ సున్నా చూపే మిశ్రమాలకు, ఫైబరు కలిపిన కాంక్రీటుకు ఇది తగినది. వైబ్రేటర్ కింద కాంక్రీటు ఎలా నడుస్తుందో నేరుగా చూపడం దీని బలం. రోలరుతో తొక్కించే ఆనకట్టల కాంక్రీటును పలకపై అదనపు బరువు పెట్టిన సవరించిన వీబీతో పరీక్షిస్తారు. మన దేశంలో అలాంటి తొలి ఆనకట్ట మహారాష్ట్రలోని ఘాట్‌ఘర్‌లో ఉంది.

ఫ్లో పరీక్షలు

పాత ఫ్లో పరీక్షలో 250 మి.మీ. అడుగు వ్యాసం ఉన్న అచ్చులో కాంక్రీటు నింపి, అచ్చు తీసి, బల్లను 12.5 మి.మీ. ఎత్తు నుంచి 15 సార్లు పడేలా చేస్తారు. పరుచుకున్న వ్యాసం ఎంత పెరిగిందో శాతంలో చెబుతారు. వ్యాసం 500 మి.మీ. అయితే ఫ్లో 100 శాతం. జర్మన్ పద్ధతి నుంచి వచ్చిన యూరోపియన్ పరీక్షలో 700 మి.మీ. చదరపు పలకను ఒక అంచున 40 మి.మీ. ఎత్తి 15 సార్లు వదులుతారు. పరుచుకున్న వృత్తం నడుమ కంకర కుప్పగా మిగిలి, అంచున నీళ్లు చిమ్మితే మిశ్రమం విడిపోతోందని వెంటనే తెలుస్తుంది.

తనంతట తాను పరుచుకునే కాంక్రీటు పరీక్షలు

ఇక్కడ మూడు ప్రశ్నలకు జవాబు కావాలి: నింపగలదా, ఊచల మధ్య నుంచి దాటగలదా, విడిపోకుండా ఉండగలదా? స్లంప్ ఫ్లోలో స్లంప్ పరీక్ష కోనునే పొడవకుండా నింపి ఎత్తి, పరుచుకున్న వ్యాసాన్ని కొలుస్తారు. యూరోపియన్ వర్గీకరణలో 550–650, 660–750, 760–850 మి.మీ. మూడు తరగతులు. 500 మి.మీ. వృత్తాన్ని చేరడానికి పట్టిన సెకన్లు చిక్కదనాన్ని చెబుతాయి. వి ఫనెల్‌లో గరాటు ఖాళీ కావడానికి పట్టే కాలాన్ని చూస్తారు. ఎల్ బాక్సులో నిలువు గదిలోని కాంక్రీటు ఊచలను దాటి అడ్డ గదిలోకి పారాక రెండు చివరల మట్టాలను పోలుస్తారు. ఆ నిష్పత్తి 0.80కి తగ్గకూడదు. జె రింగులో కోను చుట్టూ ఊచల వలయం పెట్టి అడ్డంకి ప్రభావాన్ని చూస్తారు.

ప్రమాణాలు సూచించే విలువలు

ఐఎస్ 456:2000 పోసే చోటును బట్టి ఈ విలువలను సూచిస్తుంది:

– యంత్రంతో వేసే రోడ్లు, పునాది కింది పలుచని పొర: చాలా తక్కువ, కంపాక్టింగ్ ఫ్యాక్టర్ 0.75–0.80
– తక్కువ ఊచలున్న స్లాబులు, బీములు, గోడలు, పిల్లర్లు, కాలువ లైనింగు: స్లంప్ 25–75 మి.మీ.
– ఊచలు దట్టంగా ఉన్న స్లాబులు, బీములు, పిల్లర్లు: 50–100 మి.మీ.
– పంపుతో పోసే కాంక్రీటు: 75–100 మి.మీ.
– అక్కడికక్కడే పోసే పైల్స్, కందకాల నింపుడు: 100–150 మి.మీ.
– నీటిలో ట్రెమీ గొట్టంతో పోసేది: చాలా ఎక్కువ, ఫ్లో పరీక్షతో కొలవాలి

రెడీమిక్స్ ప్రమాణం ఐఎస్ 4926 ప్రకారం కోరిన స్లంప్‌కు 25 మి.మీ. లేదా మూడో వంతు, ఏది తక్కువైతే అంతవరకే తేడాను అనుమతించవచ్చు. 100 కోరితే 75–125 మధ్య, 60 కోరితే 40–80 మధ్య రావాలి. లోడు నింపిన రెండు గంటల్లోగా దింపేయాలన్నది మరో నియమం.

పరిమితులు, కొత్త దృష్టి

ఒకే స్లంప్ చూపిన రెండు కాంక్రీట్లు పంపులో వేర్వేరుగా నడవడం అనుభవంలో ఉన్నదే. బ్రిటిష్ శాస్త్రవేత్త జి.హెచ్. ట్యాటర్సాల్ 1970ల నుంచి దీనికి కారణం వివరించాడు. పచ్చి కాంక్రీటు కదలడం మొదలుపెట్టడానికి కొంత ఒత్తిడి కావాలి. కదిలాక ఎంత వేగంగా పారుతుందన్నది దాని జిగట మీద ఆధారపడుతుంది. ఇవి రెండు వేర్వేరు గుణాలు. స్లంప్ ప్రధానంగా మొదటిదాన్నే చూపుతుంది. అందుకే ఆయన రెండు బిందువుల పరీక్షను ప్రతిపాదించాడు. ఈనాటి రియోమీటర్లు ఆ ఆలోచన మీదే నడుస్తాయి. ఇవి ఖరీదైనవి కావడంతో పరిశోధనకూ, పెద్ద పనులకూ పరిమితం. ఒక పరీక్ష విలువను మరో పరీక్ష విలువగా మార్చే కచ్చితమైన సూత్రం కూడా లేదు. బిరుసు మిశ్రమానికి వీబీ లేదా కంపాక్టింగ్ ఫ్యాక్టర్, సాధారణానికి స్లంప్, జారుడు మిశ్రమానికి ఫ్లో అన్నదే ఎంపికకు మార్గం.

పని జరిగే చోట

మన ఊళ్లలో చిన్న ఇళ్ల స్లాబులు చాలావరకు ఏ పరీక్షా లేకుండానే పడతాయి. మేస్త్రీ కంటి అంచనాయే కొలత. ఆ కన్ను అనుభవంతో పదునెక్కినదే. కానీ నీళ్లు ఎక్కువైతే పోయడం తేలికవుతుంది కాబట్టి, చేయి ఎప్పుడూ నీళ్ల వైపే మొగ్గుతుంది. రెడీమిక్స్ లారీ వచ్చినప్పుడు కాంక్రీటు బిరుసుగా ఉందని డ్రమ్ములో బకెట్లతో నీళ్లు పోయించడం ఇలాంటిదే. ఘనపు మీటరుకు 380 కిలోల సిమెంటు, 171 లీటర్ల నీళ్లు ఉన్న మిశ్రమంలో నిష్పత్తి 0.45. ఆరు ఘనపు మీటర్ల లోడులో 15 లీటర్ల బకెట్లు ఆరు పోస్తే ఘనపు మీటరుకు 15 లీటర్లు పెరిగి నిష్పత్తి 0.49 అవుతుంది. పంపు సాఫీగా నడుస్తుంది. పోయిన బలం మాత్రం తిరిగి రాదు. స్లంప్ తగ్గితే ప్లాంటు ఇంజినీరు అనుమతితో, లెక్క ప్రకారం ప్లాస్టిసైజర్ వేసి, డ్రమ్మును తగినంతసేపు తిప్పి, మళ్లీ పరీక్షించడం సరైన పద్ధతి.

ఒక ఇనుప కోను, ఒక కడ్డీ, ఒక స్కేలు ఖరీదు ఆ రోజు పోసే కాంక్రీటు ఖరీదు ముందు లెక్కలోకి రాదు. పరీక్షకు పట్టేది ఐదు నిమిషాలు. ఇల్లు కట్టుకునేవారు స్లాబు వేసే రోజున మేస్త్రీని, ఇంజినీరును అడగవలసిన మొదటి మాట ఇదే: స్లంప్ ఎంత వచ్చింది? ఆ అంకెను తేదీ, సమయం, లోడు నంబరుతో సహా పుస్తకంలో రాయించండి.